మల్లెకు పస్తు

చాకలిపేటలోని ఆ ఇంట్లో పొద్దున ఆరున్నరకు కాఫీ, ఆరు ముప్పావుకు అబద్ధం. రెండూ వేడివేడిగానే కస్తూరి మంచం దగ్గరికి చేరేవి. రెండూ మోసుకొచ్చేది ఆవిడ మొగుడు కోదండరామే.

"ఈ దినం ఎన్ని మొగ్గలు?" అంది కస్తూరి, డవరాలో కాఫీ తిరగబోసుకుంటూ.

"ఇరవై మూడు," అన్నాడు కోదండరాం, క్యాలెండరు వైపు చూస్తూ.

"నిన్నా ఇరవై మూడే అన్నారే?"

"నిన్న ఇరవై రెండు. నువ్వు మాత్రలు మింగి మరిచిపోయి ఉంటావు."

నలభై ఏళ్ళు స్టీలు పాత్రల అంగడి నడిపిన మనిషి. గిన్నెకు ఆవగింజంత సొట్ట ఉన్నా తనే చూపించి మరీ అమ్మినవాడు. అలాంటి పెద్దమనిషి అరవై ఎనిమిదో ఏట అబద్ధాలకు దిగాడంటే దానికి కారణం మిద్దె మీది గుండుమల్లె. కస్తూరి తల్లి గోవిందమ్మ పెళ్ళినాడు చీరెసారెతో పాటు చేతికిచ్చిన కొమ్మ అది. ఇప్పుడు సిమెంటు తొట్టిలో పొదై కూర్చుంది.

డిసెంబరులో కస్తూరికి మోకాలి ఆపరేషను జరిగింది. ఆస్పత్రికి పోతూ ఆటోలో ఒక కాలు పెట్టి మరీ ఆవిడ అప్పగింతలు పెట్టింది. "మార్గళి నెల దాటేలోగా మల్లెను మోకాలెత్తుకు కత్తిరించండి. ఆకంతా దూసేయండి. పదిహేను దినాలు చుక్క నీళ్ళు చూపించొద్దు, పస్తు పెట్టండి. కడుపు మాడితేనే దానికి పూసే బుద్ధి పుడతాది. వినపడిందా?"

వినపడింది. అయినా కోదండరాం ఒక్క కొమ్మా కత్తిరించలేదు. ఏప్రిల్ వచ్చేసింది. చెన్నపట్నం అంతా మల్లెపూలే, ఆ చెట్టుకు తప్ప.

అంతకంటే పెద్ద గుబులు ఇంకొకటుంది. నాలుగు నెలలవుతున్నా కస్తూరి మంచం, కుర్చీ, బాత్‌రూము దాటలేదు. పైకి ఇరవై రెండు మెట్లు. ఇక ఈ జన్మకు ఆ మెట్లు ఎక్కదేమోనని అతని దిగులు. చెట్టు పూయలేదని తెలిస్తే ఉన్న కాస్త ఆశా పోతుందని భయపడి, వీధి చివర పూలమ్మే రాసాత్తి దగ్గర రోజూ కట్టని మొగ్గలు కొని, మిద్దె మీదివేనని చెప్పి ఇస్తున్నాడు.

ఆ పూట రాసాత్తి గంపలో గుండుమల్లె అయిపోయింది. ఆమె వేరే గంపలోంచి దోసెడు తీసి పొట్లం కట్టింది. కోదండరాం పరీక్షగా చూశాడు. తెల్లగా ఉన్నాయి, వాసనా వస్తోంది. ఇంకేం కావాలి అనుకున్నాడు పాపం.

కస్తూరి పొట్లం విప్పింది. ఒక మొగ్గ తీసి కళ్ళజోడు సర్దుకుంది. మొగ్గ సన్నగా, పొడుగ్గా, వెనకవైపు లేత గులాబీ రంగులో ఉంది.

"ఏందండీ ఇది?"

"మొగ్గ."

"ఏం మొగ్గ?"

"మన మొగ్గే."

"మన మల్లెచెట్టుకు జాజులు పూసినాయా?"

కోదండరాం మళ్ళీ క్యాలెండరు వైపు చూశాడు. "ఈ ఏడు ఎండలు అట్లా ఉండాయి," అన్నాడు.

"శ్రుతీ!" అని కస్తూరి పెట్టిన కేకకు వంటింట్లో కోడలి చేతిలో గరిటె జారింది. "నా కర్ర ఈడికి తే!"

"ఎందుకత్తా?"

"మీ మామ నా చెట్టును చంపేసినాడు. శవమన్నా చూసుకోవాల గదా!"

ఎవరూ ఆపేలోగా ఆవిడ మెట్ల దగ్గరికి చేరింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కమ్మీ. మొదటి మెట్టుకు "అబద్ధాలకోరు!" రెండో మెట్టుకు "మా అమ్మ ఇచ్చిన చెట్టు!" మూడో మెట్టుకు రాసాత్తికి కూడా వడ్డన జరిగింది. శ్రుతి చెయ్యి పట్టుకోబోయింది. సరిగ్గా అప్పుడే వ్యాసర్పాడి నుంచి రోజూ బస్సులో వచ్చి వ్యాయామం చేయించే లూర్దుమేరి గడపలో అడుగుపెట్టింది.

"అయ్యో, పట్టొద్దు! విడుమా, విడు!" అని అరిచింది ఆమె. "నాలుగు నెలలు నేను కాళ్ళు పట్టుకున్నా ఒక్క మెట్టు ఎక్కలే. ఈ దినం దేవుడే కోపం ఇచ్చినాడు. అమ్మా, మంచి కాలు ముందు! సార్, మీరు ఆమెకి కోపం తగ్గనీయొద్దు!"

కోదండరాం ఆ పని అడగకుండానే చేస్తున్నాడు. పదకొండో మెట్టు దగ్గర కస్తూరి ఆయాసంతో ఆగినప్పుడు, "పోనీ, కుర్చీలో మోసుకుపోదుమా?" అన్నాడు. మిగతా పదకొండు మెట్లూ ఆ ఒక్క మాట మీదే ఎక్కేసింది ఆవిడ.

పైన శవం లేదు. నిలువెత్తు మనిషిని దాటి, నవనవలాడుతూ, బట్టలారేసే తీగ మీదుగా పక్కింటి పిట్టగోడ దాకా పాకిన పచ్చని పొద ఉంది. అంతా ఆకే. మందుకైనా మొగ్గ లేదు.

కస్తూరి నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడింది. "కత్తిరించలే. సరి. నీళ్ళన్నా ఆపినారా?"

"ఆపినా… దినానికి ఒక్క బిందెతో ఆపినా."

"నేను సాయంత్రం బియ్యం కడిగిన నీళ్ళు పోసినా అత్తా," అంది శ్రుతి తల వంచుకుని. "మామ మరిచిపోతారేమోనని. మీ కొడుకు కూడా మనలి ఫ్యాక్టరీలో డ్యూటీ దిగొచ్చి ఓ బక్కెట్ పోస్తాడు, నాకు తెలీదనుకుంటాడు."

"పస్తు పెట్టమంటే పెళ్ళి భోజనం పెట్టినారు గదే ముగ్గురూ కలిసి! కత్తెర ఎత్తడానికి మీకేం రోగమండీ?"

కోదండరాం తొట్టి అంచు మీద పెచ్చులు గిల్లుతూ నిలబడ్డాడు.

"ఎత్తినా," అన్నాడు. "నువ్వు ఆస్పత్రిలో ఉండావు. ఆ పొద్దే నీ మోకాలు కోసినారు. ఇంటికొచ్చి దీన్నీ మోకాలి కాడికి కోయాలంటే నాకు చేతులు రాలేదు కస్తూరీ. కోస్తే మళ్ళీ లేస్తాదో లేదో అని భయం పట్టుకుంది. చెట్టు గురించే భయపడినానో, నీ గురించే భయపడినానో, నాకే తెలీలే."

కస్తూరి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సార్, కోప్పడొద్దు," అంది లూర్దుమేరి మెల్లగా. "మంచం కాడికి కాఫీ తేవొద్దని పదిసార్లు చెప్పినా. ఆమె లేచి రావాల. మీరు కాఫీ తెచ్చినారు, టిఫిన్ తెచ్చినారు, ఆఖరికి పూలు కూడా తెచ్చినారు. ఇంక అమ్మ ఎందుకు లేస్తాది?"

కోదండరాం భార్య వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. రెంటికీ తను ఒకే ఉపకారం చేశాడని అప్పుడు అర్థమై సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఏడ్చింది చాలు, కత్తెర తీయండి," అంది కస్తూరి. "ఎండ ముదరక ముందే సగానికి కోసేద్దాం. ఈ ఎండల్లో పస్తు కుదరదు. రెండు దినాలు నీళ్ళు ఆపి, పేడెరువు వేసి, పైన కొబ్బరిపీచు పరుద్దాం. కళ్ళు మూసుకోవద్దండీ, వేలు తెగుతాది!"

కళ్ళు తెరిచే కోశాడు. ఒక్కో కొమ్మా పడుతుంటే, "ఇంకా కిందికి, ఇంకా," అంటూ ఆవిడ గట్టు మీద నుంచే పని చేయించింది.

మరునాడు ఆరున్నరకు మంచం దగ్గర కాఫీ లేదు. "ఏమండీ!" అంటే పైనుంచి జవాబొచ్చింది. "మిద్దె మీద పెట్టినా! చల్లారిపోతా ఉండాది!" కస్తూరి మెట్టుకో తిట్టు చొప్పున ఎక్కింది. వారానికి తిట్లు సగమయ్యాయి. మే నెల సగానికి కర్ర కిందే ఉండిపోయింది.

జూన్ మొదట్లో ఒక పొద్దున ఆవిడ సగం మెట్లలో ఉండగానే కోదండరాం పైనుంచి తొంగి చూశాడు.

"ఈ దినం ఎన్ని?" అంది ఆవిడ అలవాటుగా.

"మూడు," అన్నాడు అతను. "మూడే కస్తూరీ. గుండుగా ఉండాయి."

కస్తూరి కమ్మీ వదిలేసి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, మిగతా మెట్లు గబగబా ఎక్కేసింది.