మూడొందల పన్నెండో పేజీ

“నీ పుస్తకం నువ్వే పెట్టుకో!”

రమణి కారు దిగుతూనే, ఇటుకరాయంత లావున్న డిటెక్టివ్ నవలను ఓబులేసు పనిబల్ల మీద దబ్బున పడేసింది.

2008 జూన్ ఎండకు అరబ్బు దేశంలో ఘాలా అనే పేటలోని గ్యారేజీ రేకులు పెనంలా కాలుతున్నాయి. మేడమ్ ఇంట్లో పనిమనిషిగా రమణి రెండేళ్ల డ్యూటీ ముగిసింది. నాలుగింటికి చెన్నై విమానం. టైర్లలో గాలి చూపించాలనే వంకతో ఆ ఇంటి డ్రైవరు ఖమరుద్దీన్ ఇక్కడ కారు ఆపాడు. ఇన్నాళ్లూ రమణికీ మెకానిక్ ఓబులేసుకూ మధ్య పుస్తకాలు మోసింది ఆయనే.

హంతకుడెవరో పేజీ అంచున పెన్సిలుతో పందెం రాసుకోవడం వాళ్ల ఆట. ఆ ఆటలోనే అతన్ని ‘అన్నా’ అనడం ఆమె మానేసింది. ఈసారి మాత్రం ఓబులేసు హంతకుడి పేరు రాయలేదు, పెళ్లి మాట రాశాడు. మూడు వారాలైనా జవాబు లేదు.

“కోపమెందుకమ్మే? ఇష్టం లేకుంటే లేదని రాసింటే సరిపోయేది గదా.”

“ఎవరికి రాయాల, ఆ రచయితకా? ముందరి పుస్తకాలు రెండొందల పేజీలు. పొయ్యి మీద కూర మాడినా తెలిసేది కాదు. ఇదేంది, డిటెక్టివు ఇడ్లీలు తినేదానికే నలభై పేజీలు! శవం దొరకకముందే నాకు నిద్దరొచ్చె. నూటిరవై కాడ వదిలేసినా.”

ఓబులేసు చేతిలో స్పానరు జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

“మూడొందల పన్నెండు చూళ్లేదా?”

“ఏముందాడ?”

ఖమరుద్దీన్ హారన్ మోగించాడు. “జల్దీ రామ్మా! విమానం కౌంటరు మూసేస్తారు!”

రమణి గబగబా పేజీలు తిప్పింది. అంచున చీమల బారులాంటి అక్షరాలు: ‘మనం పెళ్లి చేసుకుందామా?’

ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

“ఆదివారం నన్ను చూసేదానికి పొద్దుటూరోళ్లు వస్తాండారు.”

“ఖమరుద్దీనన్న చెప్పినాడు. అందుకే రాసినా.”

“రాసి ఈ అడివిలో దాస్తావా? నోటితో అడిగితే నోరు అరిగిపోతాదా?”

“ఇప్పుడడుగుతాండా, రమణీ.”

ఆమె ఆ పేజీని పర్రున చించింది. రమణి కాగితాన్ని మడిచి, పాస్‌పోర్టులో పెట్టుకుని కారెక్కింది.

కారు కదిలాక అద్దం దిగింది.

“శనివారానికల్లా మీ అమ్మను మా ఇంటికి పంపు. మా నాయనకు ఓపిక తక్కువ, ఒక్క మాటలో అడగమను!”

గ్రీజు చేతులతోనే ఓబులేసు ఫోను తీశాడు.