రెండున్నర మీటర్ల తేడా

"బ్రేకు లేటుగా తొక్కారు," అంది ఆమె, నేల మీద పరిచిన టేపు చూస్తూ.

"లేదు మేడమ్," అన్నాడతను.

వాళ్ళిద్దరి మధ్యా మొదటి మాటలు అవే. ఆమె లారీలకు బ్రేకులు తయారుచేసే కంపెనీలో కొత్త ఇంజనీరు. అతను టెస్టు డ్రైవరు. ఆమె లెక్క ప్రకారం లారీ నలభై మీటర్లలో ఆగాలి. మూడుసార్లు నడిపినా నలభై రెండున్నరకు గానీ ఆగలేదు.

రెండేళ్ళ కిందట అతని కుడికాలు విరిగి అతుక్కుంది. నడకలో కాస్త కుంటు మిగిలింది. డ్రైవరు బ్రేకు లేటుగా తొక్కాడని ఆమె రాసిన రిపోర్టు చదివి, మేనేజరు అతన్ని పిలిచి, "ఇక నీ కాలు పనికిరాదు. సోమవారం నుంచి స్టోర్సులో కూర్చో," అన్నాడు.

అతను లారీ తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి తెలిశాక ఆమెకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళింది. లారీ ముందుభాగాన్ని జాకీ మీద లేపి అతను చక్రం చూస్తున్నాడు.

"మీ కాలు సంగతి నాకు తెలీదండీ. తెలిసుంటే..."

"తెలిసుంటే? జాలిపడి నలభై అని రాసేవారా?"

ఆమెకు చురుక్కుమంది. "కాదు. నా లెక్క ఇంకోసారి చూసుకునేదాన్ని."

అతను తలెత్తి ఆమెను తేరిపార చూశాడు. తర్వాత తన గ్లవుజులు ఆమెకిచ్చి, చక్రాన్ని బలంగా తిప్పాడు. "టైరు మీద చేత్తో నొక్కి ఆపండి."

ఆమె నొక్కింది. చక్రం వినలేదు. ఆగేసరికి గ్లవుజులోనే అరచేయి వేడెక్కింది.

"బండి అంగుళం కూడా కదల్లేదు. అయినా ఎంత మొండికేసిందో చూశారా?" అన్నాడు.

ఆమెకు తన పొరపాటు తట్టింది. చక్రాల బరువును బండి బరువులో కలిపి, ముందుకు దూసుకుపోయే శక్తికి లెక్క కట్టింది. కానీ చక్రం గిర్రున తిరుగుతున్నందుకు దానిలో ఉండే శక్తిని కూడా బ్రేకే అణచాలి. దాన్ని మరిచిపోయింది. అక్కడే పీట మీద కూర్చుని మళ్ళీ లెక్క చేసింది. ఆరు శాతం పైచిలుకు తేలింది. నలభై మీటర్లకు సరిగ్గా రెండున్నర.

"తప్పు నాదే. ఇప్పుడే వెళ్ళి చెప్తాను."

"వద్దండీ. మీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు."

"మీకెలా తెలుసు?"

"మీరు చేరిన రోజు నుంచీ..." అంటూ నాలుక్కరుచుకున్నాడు.

ఆమె అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. మేనేజరు అతన్ని తిరిగి బండెక్కించాడు. ఆమె ప్రొబేషన్ మాత్రం ఆరు నెలలు పెంచాడు.

సాయంత్రం వాన. గేటు దగ్గర బస్సు షెల్టర్ కింద వాళ్ళిద్దరే ఉన్నారు.

"జరిగింది మా అక్కకి ఫోన్లో చెప్పాను," అన్నాడతను. "అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. ఆదివారం మిమ్మల్ని భోజనానికి తీసుకురమ్మంది."

"నా వల్లే కదా మీకంత అవమానం. ఏ మొహం పెట్టుకుని రాను?"

"మీరలా అంటారనే అక్కతో అన్నాను. తన తప్పు తనే నలుగురిలో ఒప్పుకున్న మనిషిని వదులుకోకురా అంది." వానకేసి తిరిగాడు. "వదులుకోవాలని నాకూ లేదండీ."

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

"ఆదివారం ఎన్నింటికి రమ్మన్నారు?" అంది ఆమె, తల దించుకునే.