వంతుల ఫైలు

తాయారు మూడోసారి కూడా సర్వర్‌ని ఆపి లేపింది. రెండుసార్లు లేపితే లేవనిది మూడోసారి లేస్తుందని ఏ పుస్తకంలోనూ రాసిలేదు. అయినా ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ ఆ ఆశ వదులుకోరు. శుద్ధి మాడ్యూల్ లేచింది. పీడన మాడ్యూల్ లేచింది. వంతుల మాడ్యూల్ దగ్గరికొచ్చేసరికి తెర ఎర్రబడి, ముప్పైఏడు తప్పులు గబగబా రాలిపడ్డాయి.

"నీ దుంప తెగ!" అంది తాయారు సర్వర్‌తో. గదిలో తిట్టడానికి మరెవరూ లేరు.

ఉదయం పదిన్నరకే బయట నలభైనాలుగు డిగ్రీలు. సముద్రం లోపలికొచ్చాక ఆ తీరంలో బావులన్నీ ఉప్పుబారిపోయాయి. తిప్పపాలెం వాళ్ళు తాగే ప్రతి చుక్కా ఈ తీపినీటి కేంద్రంలోనే తయారై, వంతుల మాడ్యూల్ చెప్పిన వరుసలో ఒక్కో ఇంటి కుళాయికీ చేరాలి. నీళ్ళు తయారవుతూనే ఉన్నాయి. ఎవరికివ్వాలో చెప్పే మాడ్యూల్ లేవకపోవడంతో ట్యాంకులో అలాగే నిలబడిపోయాయి.

తాయారుకు పని నేర్పిన అబ్బులు గారు ఒక మాట అంటూ ఉండేవారు. "ఆకరి తప్పుని పట్టుకుని ఏడవకండమ్మా. మొదటిది సూడండి. మిగతావన్నీ దాని పిల్లలే." ఆయన పోయి ఏడాదయింది. తాయారు పైకి జరుపుకుంటూ వెళ్ళి మొదటి తప్పు చదివింది. అమరిక ఫైలు కనబడలేదు.

కనబడకపోవడమేమిటి? ఫైళ్ళుండే చోటు తెరిచి చూస్తే మూడున్నాయి. వంతులు-కొత్త. వంతులు-కొత్త-రెండు. వంతులు-ఇదే-అసలుది. పేర్లు ఘనంగానే ఉన్నాయి గానీ, తెరిస్తే ఒకదాంట్లో సగం ఇళ్ళే ఉన్నాయి, రెండోదాంట్లో వీధి పేర్లు తప్ప ఏమీ లేవు, అసలుదనుకున్నది పూర్తిగా ఖాళీ. అప్పుడామె మాడ్యూల్ లేచేటప్పుడు అసలు ఏ ఫైలు అడుగుతోందో వెతికింది. అది అడుగుతున్నది 'వంతులు-పాత'.

ఆ పేరు తాయారుకి బాగా గుర్తుంది.

నిన్న సాయంత్రం నెలవారీ ఊడ్పు. అక్కర్లేని ఫైళ్ళన్నీ కేంద్రంలోనూ, నిల్వ ప్రతుల్లోనూ చెరిపేయాలని తీరంలోని కేంద్రాలన్నిటినీ నడిపే పెద్దసర్వర్ నియమం. పాత అని పేరున్నదాన్ని ఎవరైనా పాతదే అనుకుంటారు కదా! తానే, తన వేలితోనే, మరీ శ్రద్ధగా చెరిపేసింది. పైగా ఊడ్పు బాగా చేశావని పెద్దసర్వర్ ఆకుపచ్చ టిక్కు కూడా పెట్టింది.

ఫోన్ మోగింది. తిప్పపాలెంలో నీళ్ళ వంతులు చూసే పోలమ్మ.

"అమ్మాయ్ తాయారూ, కుళాయి సుక్క రాలట్లేదేటమ్మా? మా కోడలు బాలింత, పురుడై ఎనిమిది రోజులు. బిందెలో ఉన్నవి మజ్జానం దాకా కూడా సాలవు."

"తప్పు నాదే పిన్నీ. వంతులు రాసున్న ఫైలు చెరిపేశాను."

"ఏం సెరిపేసేవో నాకు తెలీదు గానీ, నీళ్ళెప్పుడొత్తాయో సెప్పు."

కనుక్కుని చెప్తానంది తాయారు. జిల్లా పర్యవేక్షకుడు చక్రధర్‌కి ఫోన్ చేసింది.

"ఇంతదానికి కంగారెందుకమ్మా," అన్నాడాయన. "నమూనా ఫైలు ఎక్కించెయ్యి. అయిదు నిమిషాల పని."

"అందులో నమోదైన ఇళ్ళే ఉంటాయి సార్, రెండొందల అరవై. ఇక్కడున్నవి మూడొందల ఒకటి."

"ఆ నలభైఒకటీ ఎవరివి?"

"మునిగిపోయిన రేవు నుంచి వచ్చినవాళ్ళవి సార్. ఊరే లేదని వాళ్ళ ఇంటి నంబర్లు రద్దు చేశారు. అబ్బులు గారు చేత్తో రాసుకున్నట్టున్నారు."

చక్రధర్ గొంతు తగ్గించాడు. "ఉన్న ఫైలులో వరుస అటూ ఇటూ మారిస్తే పెద్దసర్వర్ పట్టించుకోదు తాయారూ. కొత్త ఫైలు పెడితే మాత్రం ఇంటింటికీ నంబరడుగుతుంది. అందుకే, నంబర్లు రద్దు కాకముందు పెట్టిన ఆ పాతదాన్ని ఆయన వదల్లేదు."

కొత్త ఫైలు మొదలుపెట్టి, భయపడి, మళ్ళీ పాతదాని దగ్గరికే పోతారని అబ్బులు గారిని ఆఫీసులో అందరూ ఆటపట్టించేవాళ్ళు. తాయారు కూడా నవ్వేది. ఇప్పుడామెకు సిగ్గనిపించింది.

"నంబరు లేని ఇల్లు రాస్తే ఏమవుతుంది సార్?"

"కారణం అడుగుతుంది. దాని జాబితాలో లేని కారణం చెప్తే నీ గుర్తింపు ఆపేస్తుంది. గుర్తింపు లేకపోతే ఉద్యోగం లేనట్టే. వాళ్ళని దరఖాస్తు పెట్టమను, తొమ్మిది రోజుల్లో తేలుతుంది."

"తొమ్మిది రోజులు ఏం తాగుతారు సార్?"

"నేను కాదన్నానా తల్లీ?" అన్నాడు చక్రధర్. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ గురించే చెప్తున్నాను."

తాయారు ఫోన్ పెట్టేసి పోలమ్మకి చేసింది. ఫైలు పోయినా, వంతులు ఆ మనిషి నోట్లో ఉన్నాయి. నెలకోసారి అబ్బులు గారు ఆమె దగ్గర కూర్చుని అడిగి రాసుకునేవారట.

"మొదటి వంతు బాలింతలది," అని మొదలెట్టింది పోలమ్మ. "ఇప్పుడు రెండిళ్ళు. మాదీ, సూరాడ ధనాలుదీ. తర్వాత సావు జరిగిన ఇల్లు, పదకొండు రోజులు. ఇప్పుడైతే మైలపల్లోళ్ళది. ఆ తర్వాత ఏటకెళ్ళే పడవలోళ్ళు. మిగతావోళ్ళు ఈది వరస."

"మీ ఇంటి నంబరు చెప్పు పిన్నీ."

"నంబరేటి? రేవు నుంచొచ్చినోళ్ళం కదా మేం. ఆయన అడిగీవోడు కాదు."

తాయారు వేళ్ళు ఆగాయి. నమూనా ఫైలు ఎక్కిస్తే ముందు ఎండేది ఆ బాలింత కుళాయే.

"ఏటమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ. తర్వాతి ఇల్లు చెప్పు."

మూడొందల ఒక్క ఇళ్ళు రాసేసరికి రెండు గంటలు పట్టింది. మధ్యలో పోలమ్మ ఇద్దరి మీద చాడీలు చెప్పింది, ఒకసారి కోడల్ని కేకలేసింది, ఒక్క ఇల్లూ మర్చిపోలేదు. నంబరు లేని ఇల్లు వచ్చినప్పుడల్లా తెర మీద వరుస ఎర్రబడుతూ వచ్చింది. నలభైఒక్క ఎర్ర వరుసలతో ఫైలు పూర్తయింది. 'వంతులు-పాత' అన్న పేరుతోనే భద్రపరచమంటే పెద్దసర్వర్ కారణాల జాబితా పరిచింది. పొరపాటు నమోదు. ప్రభుత్వ అతిథి. పరీక్ష నిమిత్తం. ఇతరం.

పరీక్ష నిమిత్తం అని నొక్కితే ఒక్క రోజు నీళ్ళొస్తాయి, ఆమె ఉద్యోగమూ ఉంటుంది. రేపు మళ్ళీ అబద్ధమాడొచ్చు. ఎల్లుండీ ఆడొచ్చు. కాదనుకుంటే, ఇంట్లో సంపాదించేది తానొక్కతే. తాయారు చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. భయమేసింది, నిజంగానే వేసింది. ఇతరం అన్నచోట నొక్కి, కారణం గడిలో ఇలా రాసింది. 'అక్కడ మనుషులున్నారు.' బాధ్యుల గడిలో తన ఉద్యోగి సంఖ్య వేసింది.

వంతుల మాడ్యూల్ ఒక్క తప్పూ లేకుండా లేచింది. మొదటి వంతు కవాటం తెరుచుకున్న చప్పుడు గోడ అవతలి నుంచి వినపడింది.

"నీళ్ళొచ్చేయమ్మా, వచ్చేయి!" అని అరిచింది పోలమ్మ ఫోన్లో. వెనకాల బిందె నిండుతున్న చప్పుడుకి పసిబిడ్డ ఏడుపు లంకించుకుంది.

తాయారు కూడా ఏడ్చింది, హాయిగా. తల ఎత్తేసరికి తెర మీద ఉంది, మీ గుర్తింపు పరిశీలనలో ఉంది అని. కింద చిన్న అక్షరాల్లో మరో సంగతి. తన జాబితాలో లేని కారణం ఎదురైతే, దాన్ని ఒప్పుకోవాలో కొట్టెయ్యాలో తేల్చే ముందు పెద్దసర్వర్ మిగతా కేంద్రాలన్నిటినీ అడగాలట. ఇన్నేళ్ళలో జాబితా దాటి ఎవరూ కారణం రాయలేదు కాబట్టి ఆ నియమం ఒకటుందని ఎవరికీ తెలియదు. తీరం పొడవునా ఉన్న రెండొందల పన్నెండు కేంద్రాలకి ఒకే ప్రశ్న వెళ్ళింది. 'నమోదు లేని ఇళ్ళలో మనుషులున్నారా?'

పావుగంట వరకూ ఏమీ రాలేదు. ఆ తర్వాత ఒక కేంద్రం నుంచి వచ్చింది. ఉన్నారు, పంతొమ్మిది ఇళ్ళు. తర్వాత ఇంకోటి. ఉన్నారు, నూట నాలుగు. ఆపైన మూడు కేంద్రాల నుంచి ఒకేసారి. కొందరు ఇంటి యజమానుల పేర్లు కూడా రాశారు. పెద్దసర్వర్ ఎవరి గుర్తింపు ఆపాలో తేల్చుకోలేక వాటన్నిటినీ పరిశీలనలో అంటూ పేర్చుకుంటూ పోయింది.

చక్రధర్ ఫోన్ చేశాడు. "ఏం చేశావమ్మా నువ్వు?"

"నిజం రాశాను సార్."

అవతల సొరుగు లాగిన చప్పుడయింది.

"నా దగ్గర కూడా నంబరు లేని ఇళ్ళ జాబితా ఒకటి ఉంది తాయారూ," అన్నాడాయన. "ఆరేళ్ళ నుంచి. పంపించేస్తున్నాను."