పట్టుపురుగుల ఇంటి కాపలా

"ఆకు కోత ఎలా ఉంది?"

"మూడో మేత అయింది. నాలుగోది మిగిలింది."

కోడ్ సరిపోయింది. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో దాచిన శాటిలైట్ ఫోన్‌లోంచి చీఫ్ గొంతు గరగరలాడింది.

"ఏజెంట్ నైన్టీన్! మన కొరియర్‌ని హైదరాబాద్‌లో కాల్చేశారు. మందుల రహస్యాలు దొంగిలించే 'కోరల్' ముఠా పని. అతని దగ్గర వాళ్లకు ఏమీ దొరకలేదు. కాబట్టి ఇప్పుడు నేరుగా నీ దగ్గరికే వస్తారు. వాళ్లకు మన లోపలి మనిషి సాయం ఉంది."

"ఎవరు సార్?"

"తెలిస్తే నీకు ఫోనెందుకు చేస్తాను?"

లైన్ కట్.

ఏజెంట్ నైన్టీన్ అసలు పేరు సుదర్శన్. అది రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలం. డోన్ ఊరవతల, నాపరాళ్ల గనుల మధ్య, బోరునీళ్లతో పెంచిన మల్బరీ తోటలో ఉన్న చిన్న ల్యాబ్‌లో అతను ఆకు కోసే బసవన్న. అందరూ 'బసవన్నా' అనే పిలుస్తారు. మొదట్లో పలకడం మరిచిపోయేవాడు. ఇప్పుడు నిద్రలో కూడా పలుకుతున్నాడు. అదే అతని భయం.

ఇక ల్యాబ్‌లో దాచిన నిధి సంగతి. మన కణాల్లో కైనెసిన్ అని ఒక మోటార్ ప్రొటీన్ ఉంటుంది. దాని ఉద్యోగం మూటలు మోయడం. సన్నటి దారాల మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఒంటరిగా నడిచే హమాలీ అన్నమాట. డాక్టర్ శ్రీవాణి దాని జీన్‌ని క్లోన్ చేసి, పట్టుపురుగులకు సోకే వైరస్‌లో అమర్చింది. ఆ వైరస్ ఎక్కించిన పురుగు ఎలాగూ చస్తుంది. కానీ చచ్చేలోపు దాని రక్తం నిండా కైనెసినే! నరాల జబ్బులకు మందు వెతికేవాళ్లకు అది బంగారం. ఆ రక్తం కాస్త చేతికందితే చాలు, కోరల్ వాళ్లు ముందే పేటెంట్ కొట్టేస్తారు. శ్రీవాణి ఏళ్ల కష్టం మీద ఇంకెవడి పేరో పడుతుంది.

ఇంత పెద్ద భూమ్మీద సుదర్శన్‌ని సుదర్శన్ అని పిలిచే మనిషి ఒక్కతే ఉంది. పద్మప్రియ. అదే డిపార్ట్‌మెంట్. పైకి చీరల ఎక్స్‌పోర్ట్ మేడమ్. వారానికోసారి చీఫ్ మెసేజ్ తెచ్చేది. జరీ అంచు చీర, నల్ల కళ్లద్దాలు, జడనిండా మల్లెలు, అత్తరు. ఆమె ఆటో మలుపు తిరగకముందే ఆ వాసన వచ్చేది. అతను కొడవలి పక్కన పడేసి లేచేవాడు. నవ్వులాటగా ఉందేమో గానీ, అతనికి పండగంటే అదే.

"ఏం సుదర్శన్, బతికే ఉండావా?" అనేది చిన్నగా.

ఆమె గేటు దాటబోతే పురుగుల ఇంటి పెద్ద చౌడమ్మ కేకలేసేది. "అమ్మా, ఆడనే నిలబడు! నీ అత్తరు వాసనకు పురుగులు ఆకు ముట్టవు. పౌడరు గూడా పనికిరాదు ఈడ."

ఆ మధ్యాహ్నం పద్మప్రియ రోజు కాని రోజు వచ్చింది. చేతిలో ఫ్లాస్కు.

"మెసేజ్ ఏం లేదు. బెంగుళూరు పోతాండా. ఊరికే చూసిపోదామని."

"ఫ్లాస్కులో ఏంటి?"

"ఐసేసిన మజ్జిగ. ఎండ సూడు ఎట్లుండాదో." కళ్లద్దాలు తీసి అతని మొహంలోకి చూసింది. "జాగ్రత్తగా ఉండు, సుదర్శన్."

ఆటో వెళ్లిపోయింది. సుదర్శన్ ఆకుమోపు ఎత్తబోయి ఆగిపోయాడు. ఏదో వెలితి. గాలి మామూలుగా ఉంది. మట్టి వాసన, ఆకు వాసన, అంతే. జడలో పూలు లేవు. అత్తరు లేదు.

అత్తరు పనికిరాని చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే. చల్లదనానికి గుమ్మంలో కట్టిన తడి గోనెపట్టాలు తప్పించుకుని పురుగుల ఇంట్లోకి పరుగెత్తాడు.

"చౌడమ్మా! పొద్దున ఎవరైనా కొత్తవాళ్లు వచ్చారా?"

"కూలి పిల్ల వచ్చిందప్పా, తట్టలు కడిగేదానికి. ముసుగేసుకుని ఉన్నె. చెప్పకముందే గడప కాడ సున్నపునీళ్లలో కాళ్లు ముంచె. తలకు నూనె గూడా లేదు. శానా పద్ధతైన పిల్ల."

వైరస్ ఎక్కించిన పురుగుల తట్టలో కొన్ని కాళ్లు తెగి ముడుచుకుపోయి ఉన్నాయి. రక్తం తోడేశారు. శ్రీవాణి వచ్చి చూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

సుదర్శన్ ఫోన్ తీశాడు. చీఫ్ విన్నాడు.

"ఫ్లాస్కు తీసుకుంటూ వాళ్లు దొరకాలి, కానీ లోపలిది వాళ్లకు పనికిరాకూడదు. స్టేషన్‌కి మఫ్టీ పోలీసుల్ని పంపుతున్నా."

"ఆమె, సార్?"

"పిస్టల్ నీ దగ్గరే ఉందిగా."

డోన్ జంక్షన్. బెంగుళూరు బండి సిగ్నల్ దగ్గర కూత వేస్తోంది. ప్లాట్‌ఫారం మీద లాజరు టీకొట్టు పక్కన పద్మప్రియ నిలబడి ఉంది.

"పూలు పెట్టుకోలేదేం?" అన్నాడు సుదర్శన్.

ఆమె ఉలిక్కిపడలేదు. "నువ్వు చూస్తావనుకోలా."

"వారమంతా ఎదురుచూసేవాణ్ని. చూడనా? ఎలాగూ చచ్చే పురుగులే కదా. అత్తరుతో పోతే ఏం కొంప మునిగేది?"

"చేతకాలేదు. రాయచోటిలో పురుగుల ఇంట్లో పుట్టినదాన్ని. తలంటుకోకుండా, పూలు తియ్యకుండా ఆ గడప తొక్కేదానికి కాళ్లు రాలేదు. దొంగతనానికి పోతాండానని తెల్సి గూడా."

"మరి నా దగ్గరికెందుకు వచ్చావు?"

"నీకు చెప్పకుండా పోయేదానికీ చేతకాలేదు."

బండి వచ్చి ఆగింది. ఏసీ బోగీ తలుపులో తెల్లసూటు విదేశీయుడు ఎవరికోసమో వెతుకుతున్నాడు.

"ఎన్ని పేర్లు మార్చినాం సుదర్శన్?" అంది. "వాళ్లు ఒక ఊరు, ఒక పేరు ఇస్తామన్నారు. చచ్చేదాకా అదే పేరు. నువ్వూ రా. రోజూ నిన్ను పేరు పెట్టి పిలుస్తా."

అతనికి వెళ్లాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ గోడకు ఆనుకుని కూర్చున్న శ్రీవాణి కళ్లముందు మెదిలింది. ఇంకొకరి పేరు చెరిపేసి తన పేరు దక్కించుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

ఫ్లాస్కు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. తర్వాత వదిలేసింది.

బోగీకి కనపడకుండా టీకొట్టు చాటుకు జరిగి, మూత తీసి మజ్జిగా ఐసూ అవతలి పట్టాల మీద ఒంపేశాడు. అడుగున గాజు సీసా తళుక్కుమంది.

"లాజరన్నా, మరిగే టీ ఇందులో పొయ్. అంచుదాకా."

"సల్లటి ఫ్లాస్కప్పా, పగులుతాది!"

"పగిలితే పగలనీ."

పొగలు కక్కుతూ టీ నిండింది. ఉడికాక ఇక వైరస్ లేదు, ప్రొటీన్ లేదు. మూత బిగించాడు. పద్మప్రియ ఒక్క అరుపు అరిస్తే అంతా తారుమారే. ఆమె అరవలేదు. ఫ్లాస్కు తీసుకుని వెళ్లి, కదులుతున్న బండి తలుపులో చాచిన చేతికి అందించింది. తెల్లసూటు వాడు టోపీ ఎత్తి మరీ థాంక్స్ చెప్పాడు. బెంగుళూరులో దిగగానే బేడీలతో స్వాగతం చెప్పే పని చీఫ్‌ది.

మామూలు చీరల్లో ఇద్దరు ఆడపోలీసులు ఆమెకు చెరోవైపు వచ్చి నిలబడ్డారు.

"వస్తా, సుదర్శన్," అంది. వంతెన మెట్లెక్కేదాకా వెనక్కి తిరగలేదు.

పిస్టల్ నడుం దగ్గరే ఉండిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. అతను టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. ఏడుపొస్తోంది, రావడంలేదు. లాజరు అడక్కుండానే గ్లాసు చేతికిచ్చాడు.

"ఆ యమ్మ మీవాళ్లేనా? యాడనో సూసినట్టుండాది నిన్ను. నీ పేరేందప్పా?"

అసలు పేరు ఎవరికీ చెప్పకూడదన్నది డిపార్ట్‌మెంట్ మొట్టమొదటి రూలు. చెబితే ఉద్యోగం ఊడుతుంది.

"సుదర్శన్," అన్నాడు గట్టిగా.

"మా తోడల్లుని పేరు గూడా అదే," అన్నాడు లాజరు, స్టవ్‌కి పంపు కొడుతూ. "ఆ పేరోళ్లు శానామంది ఉండారులే. తాగప్పా, సల్లారిపోతాది."