బిల్డ్ చేసి చూపించండి

హాల్లోకి అడుగుపెట్టగానే ఏజెంట్ డేగకు ఒళ్ళు మండింది. గోడల నిండా ఒకటే నినాదం: ‘మా దగ్గర అంతా ఓపెన్!’ దాచేది లేనివాడు ఇంతలా గొంతు చించుకోడని అతని అభిప్రాయం.

ఆస్పత్రుల్లోని వెంటిలేటర్లన్నిటికీ ఇవాళ కొత్త సాఫ్ట్‌వేర్. మంత్రి వేదిక మీద బటన్ నొక్కితే అన్నిట్లోకీ వెళ్ళిపోతుంది. దాని వెనక విదేశీ ముఠా ఉందనీ, మెషీన్లను దూరం నుంచే ఆపేసే స్విచ్ అందులో ఉందనీ వదంతి. డేగ అక్క అలాంటి మెషీన్ మీదే ఊపిరి పీలుస్తోంది.

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలోకి ఉద్యోగిలా చీఫ్ పంపిన ఏజెంట్ నెమలి మాత్రం, కోడంతా ఎవరైనా చూసేలా నెట్‌లో ఉంది, లైసెన్స్ సవ్యంగా ఉంది, ఓపెనే అని రిపోర్ట్ ఇచ్చేసింది. చీఫ్ నమ్మాడు. డేగకు మింగుడుపడలేదు. ఆ కోడ్ డౌన్‌లోడ్ చేసి బిల్డ్ కొడితే, అంటే నడిచే సాఫ్ట్‌వేర్‌గా మార్చబోతే, ఒక ఫైలే లేదని ఆగిపోయింది. ఏదో దాచారన్నమాట. చెబితే చీఫ్ విసుక్కున్నాడు. ఒక్క ఫైల్ కోసం మంత్రిని ఆపలేననీ, దమ్ముంటే అందరి ముందూ నిరూపించమనీ అన్నాడు.

అందుకే ఈ పెట్టుడు గడ్డం, వెలిసిన టీషర్టు, వాలంటీర్ ప్రోగ్రామర్ వేషం.

వేదిక మీద నెమలి కంపెనీ తరఫున తళతళలాడుతూ మైకు పట్టుకుంది. మంత్రి వేలు చాచాడు. డేగ లేచి నిలబడ్డాడు.

“మేడమ్, నెట్‌లో పెట్టిన కోడ్‌ని ఇక్కడే బిల్డ్ చేసి చూపించండి.”

“ఎవరైనా చేసుకోవచ్చు కదండీ. మేమెందుకు?”

“మీరు చేస్తే చూద్దామని.”

హాలంతా నవ్వింది. మంత్రికీ సరదా పుట్టి, కానివ్వమన్నాడు, వేలు మాత్రం బటన్ మీదే ఉంచి. కంపెనీ ఇంజనీరు ఛాతీ విరుచుకుని కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. పాపం, జనం కోసం పెట్టిన కోడ్‌ని అక్కడ ఒక్కడూ ఏనాడూ బిల్డ్ చేసి ఎరగడు. చేసేదంతా సొంత సర్వర్ నుంచే.

పెద్ద స్క్రీన్ ఎర్రబడింది. ఫైల్ లేదు.

మంత్రి ముందు పరువు పోతుందని ఇంజనీరు బెంబేలెత్తిపోయాడు. నెమలి సైగ చేస్తున్నా చూడకుండా, అలవాటు కొద్దీ ఆ ఫైల్‌ని సొంత సర్వర్ నుంచి లాగాడు. స్క్రీన్ మీద విదేశీ అడ్రస్, దాని కింద ఫైల్ పేరు ‘రిమోట్ స్టాప్’. అంత తెలివిగా దాచి, ఇంత తెలివితక్కువగా తెరిచారు!

నెమలి ఒక్క గెంతులో మంత్రి చేతిని బటన్ మీదికి నొక్కబోయింది. డేగ అంతకుముందే వేదిక మీదికి ఉరికి బటన్ కేబుల్ పీకేశాడు. మెషీన్లకు ఏమీ చేరలేదు. అక్క ఊపిరి ఆడుతూనే ఉంది.

సంకెళ్ళు పడుతున్నా నెమలి నవ్వు చెరగలేదు. “లోపం కనబడితే మా సైట్‌లో ఫిర్యాదు పెట్టాల్సింది. ఇంత గొడవెందుకు?”

“పెట్టాను మేడమ్,” అన్నాడు డేగ, గడ్డం పీక్కుంటూ. “చదవకుండానే ‘పరిష్కరించాం’ అని మూసేశారు.”