ఏడో గడి

ఉదయం ఆరు గంటలకు దినపత్రిక, ఆరూ అయిదుకు ఎర్ర కలం. ముప్ఫైనాలుగేళ్ళు ఇంగ్లీషు వ్యాకరణం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారికి తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మందుల సీసా మీది చీటీ, పిన్నీసుతో గుచ్చిన కరెంటు బిల్లు, వీధి చివరి దర్జీ బోర్డు, ఏదీ ఆయన దిద్దుబాటును తప్పించుకోలేదు. వీధివాళ్ళు ఆయనకు ‘ఎర్రసిరా మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆనాటి ఉదయం మాత్రం పత్రిక మొదటి పేజీ దాటకముందే ఇంట్లో ప్రయాణపు చర్చ మొదలయింది. రాకెట్ ప్రయోగానికి ఇంకా పన్నెండు రోజుల వ్యవధి ఉండగానే మాస్టారి భార్య వంటింటి బల్ల మీద జాబితా రాస్తోంది.

“ఫ్లాస్కు, గొడుగు, మోకాళ్ళ మందు, బిస్కట్లు, మీ టోపీ, ఒక దుప్పటి…”

“రాకెట్టు కంటికి కనిపించేది మూడు నిమిషాలు. దానికి మూడు సంచులా?”

“మూడు నిమిషాల కోసం మూడు గంటలు ముందే కూర్చోవాలట. గంట గడిచాక బిస్కట్లేవీ అని అడిగేది ఎవరో నాకు తెలుసులెండి.”

షిఫ్టుకు తయారై వచ్చిన కూతురు తల్లి భుజం మీదుగా జాబితా చూసి నవ్వింది. “గ్యాలరీలో కుర్చీలుంటాయమ్మా, నువ్వు నిలబడక్కర్లేదు. రాకెట్టు ఇంధనం ట్యాంకు మీద పనిచేసినవాళ్ళకి ఇంటి నుంచి ఇద్దరేసి మనుషుల్ని రానివ్వడం ఇదే మొదటిసారి.”

ఆ కుర్చీల మాట చిన్నదేమీ కాదు. తల్లి మోకాళ్ళు అరిగిపోయి, పది నిమిషాలు నిలబడితే గోడ పట్టుకోవలసి వస్తోంది. కూతురి చేతులు పడ్డ రాకెట్టును ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆరేళ్ళుగా ఆవిడ కోరిక. ఆ కోరిక తీరే మార్గం ఆ గ్యాలరీ ఒక్కటే.

కూతురు సంచిలోంచి రెండు కాగితాలు తీసి తండ్రి ముందు పెట్టింది. “పాసుల ఫారం రెండు ప్రతులిచ్చారు నాన్నా. ఒకటి నేను గీకాను. రెండోదాని మీద సంతకం మాత్రం పెట్టాను. మీరు మంచి దస్తూరీతో ఎత్తిరాసి ఇవాళే పోస్టు చేసెయ్యండి.”

“నీ కోడిగీతలు చూస్తే రాకెట్టు కూడా దారి తప్పుతుంది.”

“అందుకేగా మీకిచ్చింది. మీ చేతిలో తప్పు దొర్లదు.”

ఆ మాట అని ఆమె వెళ్ళిపోయింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, నల్ల సిరా కలం తీసుకుని, ఒక్కొక్క గడీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపసాగారు. ఆరు గడులు నిండాయి. ఏడో గడి దగ్గర కలం ఆగింది. ‘ఉద్యోగి చేసే పని’ అన్నదానికి ఎదురుగా, కూతురి కోడిగీతల్లో, ‘వెల్డర్’ అని ఉంది. గడి కింద చిన్న అక్షరాలు: ‘ఈ వివరము పాసుమీద ముద్రింపబడును. పాసును మెడలో ధరించవలెను.’

ఆయన ఆ చిన్న అక్షరాలను మళ్ళీ చదివారు.

కూతుర్ని కళాశాలలో ఇంగ్లీషు లెక్చరరుగా చూడాలని ఆయన కలలు కన్నారు. ఆమె పన్నెండో తరగతి కాగానే పారిశ్రామిక శిక్షణ బడిలో చేరి, ముఖానికి నల్ల అద్దపు డాలు, చేతులకు తోలు తొడుగులు వేసుకుని లోహాన్ని అతికే విద్య నేర్చుకుంది. ఆపైన రాకెట్ల కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. ఆ వారమే ఎదురింటి బ్యాంకు ఆఫీసరు తన గేటు మీద మోచేతులాన్చి అడిగాడు: “అమ్మాయికి రాకెట్ల దగ్గర ఉద్యోగమటగా మాస్టారూ. ఇంజనీరా?”

మాస్టారు “ఆ…” అన్నారు.

ఔను అనలేదు, కాదనలేదు. అది కేవలం ఒక అవ్యయమని ఆయన తనకు తాను చెప్పుకున్నారు. కాని ఆ ఒక్క అక్షరమే గాలికి పెరిగి, మర్నాటికల్లా వీధిలో ఆయన ‘ఇంజనీరమ్మాయి నాన్నగారు’ అయ్యారు. ఆరేళ్ళుగా ఆ పేరు ఇస్త్రీ చొక్కాలా తొడుక్కుని తిరుగుతున్నారు. ఇప్పుడు ‘వెల్డర్ తండ్రి’ అన్న అట్టముక్క మెడలో వేసుకుని తిరగాలి. పైగా, తిరిగి రాగానే ఆ పాసు తనకు చూపించాలని బ్యాంకు ఆఫీసరు ముందే మాట తీసుకున్నాడు.

కలం కదిలింది. ఏడో గడిలో ‘ఇంజనీరు, నిర్మాణ విభాగం’ అని పడింది. విశాలార్థంలో అది తప్పు కాదని నచ్చజెప్పుకుంటూనే, కవరు నాలుకతో తడిపి అంటించారు. జిగురు చేదుగా తగిలింది.

* * *

తొమ్మిదో రోజు సాయంత్రం కూతురు వేళకన్నా ముందే ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

“నాన్నా, ఏడో గడిలో ఏం రాశారు?”

మాస్టారు పుస్తకం మూశారు. “సవరించాను.”

“ఏం తప్పుందని? స్పెల్లింగా, వ్యాకరణమా?”

ఆయన కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టారు.

“మా ఫోర్‌మన్ నన్ను పిలిచి, ‘ప్రమోషన్ ఎప్పుడొచ్చిందమ్మా, మాకు మాటమాత్రం చెప్పలేదే’ అన్నాడు. వర్క్‌షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు కాగితం చూపించాడు. కింద నా సంతకం, పైన మీ ముత్యాలు.”

“అమ్మాయీ, ఇంజనీరనే మాటను విశాలార్థంలో తీసుకుంటే…”

“విశాలార్థంలో అయితే నేను మహారాణిని నాన్నా. లేని హోదా రాసినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. పాసులు రద్దయ్యాయి. రెండూ.”

తల్లి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో జాబితా కాగితం ఉంది. దానిని నాలుగు మడతలు పెట్టి మెల్లగా బల్ల మీద ఉంచింది. భర్తతో వాదించడం ఆవిడకు అలవాటు లేదు. అందుకే ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టగానే మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు.

“గురివింద గింజ తన నలుపెరగదని పిల్లలకి చెప్పేవారే, ఆ సామెత ఇంట్లో అక్కరకొస్తుందని నేననుకోలేదు. దాని చేతుల మీద నిప్పురవ్వలు పడ్డప్పుడల్లా మందు రాసింది నేను. మీరు? ఎదురింటాయన వస్తున్నాడంటే చాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోమనేవారు. ఎండలో నల్లబడతావమ్మా అనేవారు. ఇంట్లో ఎండెక్కడిదండీ?”

“అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు,” అంది కూతురు. ఆమె ఒంటి మీద అప్పుడూ పొడుగు చేతుల చొక్కాయే ఉంది. ఆ చేతుల అంచులను వేళ్ళతో కిందికి లాక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయారు. జీవితంలో మొదటిసారి, దిద్దవలసిన తప్పు ఎదురుగా ఉన్నా ఆయన చెయ్యి లేవలేదు.

* * *

మర్నాడు రెండు బస్సులు మారి ఆయన కర్మాగారం కార్యాలయానికి వెళ్ళారు. కిటికీ వెనక గుమాస్తా విషయమంతా విని, తెల్లకాగితం ఒకటి ముందుకు తోశాడు.

“ఏడో గడి మార్చింది మీరేననీ, ఎందుకు మార్చారో కూడా రెండు ముక్కల్లో రాసివ్వండి సార్. అమ్మాయి మీద మాట లేకుండా పోతుంది.”

మాస్టారు నిలబడే రాశారు. ‘ఏడవ గడిలోని మార్పు నా కుమార్తెకు తెలియకుండ నేను చేసినది. ఆమె వృత్తి వెల్డరు. ఆ పదమును నేను…’ అక్కడ కలం ఆగిపోయింది.

గుమాస్తా జాలిపడ్డాడు. “పొరపాటున మార్చితిని అని రాయండి సార్. అందరూ అదే రాస్తారు.”

‘పొరపాటున మార్చితిని’ అని రాశారు. చదువుకున్నారు. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అయినా జేబులోని ఎర్ర కలం తీసి, ‘పొరపాటున’ అన్న మాటను నిలువునా కొట్టివేసి, దానిపైన ‘సిగ్గుపడి’ అని రాశారు. అక్షరాలు వంకరపోయాయి. అచ్చంగా కూతురి కోడిగీతల్లా ఉన్నాయి.

గుమాస్తా చదివి, తలెత్తకుండానే ముద్ర వేశాడు. “అమ్మాయికి ఇక ఇబ్బంది లేదు సార్. పాసుల జాబితా మాత్రం మూసేశారు. మీరు బయటి మైదానంలోంచి చూడాల్సిందే.”

ఎవరు చెప్పారో, ఫోర్‌మన్ వచ్చి ఆయనను పక్కగదిలోకి తీసుకువెళ్ళాడు. అక్కడ వెలుగుతున్న గాజుబల్ల మీద పొడవాటి ఎక్స్‌రే ఫిల్ములు పరిచి ఉన్నాయి.

“మీ అమ్మాయి వేసిన అతుకండీ ఇది. ఇంధనం ట్యాంకు చుట్టూ ముప్ఫైఆరు అడుగులు. వెంట్రుకంత చీలిక ఉన్నా, ఆవగింజంత బుడగ ఉన్నా ఎర్ర పెన్సిలుతో చుట్టేస్తాం. మీరూ పరీక్ష పేపర్లు దిద్దినవారేగా, చూడండి.”

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగారు. పాత అలవాటు చొప్పున ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క అంగుళమూ వెతికారు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చారు. ఎక్కడా ఎర్ర గీత లేదు. చిన్నప్పుడు తొంభైతొమ్మిది మార్కుల కాగితం తెచ్చి చూపిన పిల్లను “ఆ ఒక్కటీ ఎక్కడ పారేశావు?” అని అడిగిన మాట గుర్తుకు వచ్చి, ఫిల్ము మసకబారింది.

“ఏమైనా దొరికిందా సార్?” అన్నాడు ఫోర్‌మన్.

“దొరికిందయ్యా,” అన్నారాయన. “అందులో కాదు.”

* * *

ప్రయోగం రోజు ఉదయం మాస్టారు మడత కుర్చీని తానే భుజాన వేసుకున్నారు. బస్సు దిగి నీళ్ళ ఒడ్డున ఉన్న మైదానానికి చేరేదాకా భార్య అడుగులో అడుగు వేశారు. చెట్టు నీడైనా లేదు. జనం గొడుగులతో, గొంతులతో కిటకిటలాడుతున్నారు. భార్యను కూర్చోబెట్టి, గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డారు.

“బిస్కట్లు కావాలా?” అందావిడ. ఆ మూడు రోజుల్లో ఆవిడ భర్తతో తనంతట తాను అన్న మొదటి మాట అదే.

“వద్దు.”

“ఇంకా గంట కూడా కాలేదులెండి.”

పదిన్నరకు జనాన్ని తోసుకుంటూ కూతురు వచ్చింది. తలమీద కర్మాగారం టోపీ, మెడలో తన పాసు.

“నీకు గ్యాలరీలో చోటుంది గదే,” అంది తల్లి.

“ఉంది. చుట్టూ అందరి అమ్మానాన్నలూ ఉన్నారు. నా పక్కన రెండు కుర్చీలు ఖాళీ. వాటిని చూస్తూ కూర్చోలేకపోయాను.” ఆమె తల్లి కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది. తండ్రి వైపు చూడలేదు. “మీరు రాసిచ్చిన కాగితం చదివాను నాన్నా,” అని మాత్రం అంది.

అంతలో జనం లేచి నిలబడ్డారు. దూరాన నేలను అంటి ఒక వెలుగు పుట్టింది. మొదట చప్పుడు లేదు. తెల్లని గీత ఒకటి ఆకాశంలోకి నిదానంగా నిక్కింది. ఆ తర్వాత వచ్చింది ధ్వని, ముందు కాళ్ళ కిందికి, తర్వాత ఛాతీలోకి. తల్లి కుర్చీ చేతిని పట్టుకుని లేచి నిలబడింది. మోకాళ్ళ సంగతి ఎవరికీ గుర్తు లేదు. కూతురు మాత్రం పైకి చూస్తూ పెదవులతో సెకన్లు లెక్కపెడుతోంది. పిడికిళ్ళు తెల్లబడ్డాయి. రెండు నిమిషాలు దాటాక ఊపిరి వదిలింది.

“విడిపోయింది. ఇక భయం లేదు.”

“ఏది విడిపోయింది?” అన్నారు మాస్టారు.

“నా ట్యాంకు. ఇంధనం అయిపోయాక విడిపోయి సముద్రంలో పడుతుంది.”

“పడిపోతుందా? నీ ముప్ఫైఆరు అడుగులూ?”

ఆ లెక్క ఆయనకెలా తెలుసా అని ఆమె మొదటిసారి తండ్రి ముఖంలోకి చూసింది. “పడిపోవాలి నాన్నా. అది వదిలేస్తేనే పైది వెళ్తుంది.”

ఆయన ఏదో అనబోయేంతలో జేబులో ఫోను మోగింది. ఎదురింటి బ్యాంకు ఆఫీసరు.

“టీవీలో చూశామండీ మాస్టారూ. అదిరిపోయింది. ఇంజనీరమ్మాయికి మా అభినందనలు చెప్పండి.”

మాస్టారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. “ఒక సవరణండీ,” అన్నారు. గొంతు సవరించుకుని, తరగతిలో పాఠం అప్పగించే పిల్లవాడిలా నిటారుగా నిలబడ్డారు. “ఆరేళ్ళ కిందట మీరు గేటు దగ్గర అడిగినప్పుడు నేను ‘ఆ’ అన్నాను. అది తప్పు. మా అమ్మాయి వెల్డరు.”

అవతల మెల్లగా నవ్వు.

“నాకు తెలుసు కదండీ. రెండేళ్ళ కిందట మీరు ఊళ్ళో లేనప్పుడు మా గేటు ఊడిపోతే వచ్చి అతికింది మీ అమ్మాయే. ఆ గేటు మీదేగా నేను రోజూ మోచేతులు ఆన్చేది. ‘అంకుల్, మా నాన్న తన నోటితో తను చెప్పేదాకా నేను ఇంజనీరునే, మీకూ తెలీనట్టే ఉండండి’ అంది. పాసు చూపించమని నేనడిగింది కూడా అందుకే. ఆ వంకనైనా మీరే చెబుతారనుకున్నాను.”

ఫోను ఎప్పుడు దించారో ఆయనకు తెలియదు. తన అబద్ధాన్ని తన బిడ్డే రెండేళ్ళుగా, పగుళ్ళు కనబడకుండా, అతుకు వేసి కాపాడుతూ వచ్చిందన్నమాట. ఆకాశంలో పొగ గీత గాలికి వంకర్లు తిరుగుతోంది.

“ఏమన్నాడు నాన్నా?” అంది కూతురు. ఏమన్నాడో ఆమెకు తెలిసిపోయినట్టే ఉంది.

మాస్టారు గొడుగు భార్య చేతికిచ్చి, మెల్లగా నేల మీద కూతురి ఎదుట కూర్చున్నారు. ఆమె చొక్కా చేతుల అంచులు చెమటతో మణికట్టుకు అతుక్కుపోయి ఉన్నాయి.

“ఉక్కగా ఉందమ్మా. చేతులు పైకి మడుచుకో.”

ఆమె తను మడుచుకోలేదు. చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు చాపినట్టు, చెయ్యి ముందుకు చాపింది. ఆయన గుండీ తీసి, ఒక్కొక్క మడతా మోచేతి దాకా వేశారు. చర్మం మీద నిప్పురవ్వల మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, కామాల్లా, చుక్కల్లా ఉన్నాయి. కళ్ళజోడు తడిసిపోయి వాటిని సరిగ్గా చదవలేకపోయారు.

“రెండో చెయ్యి,” అన్నారు.