అర మిల్లీమీటరు

కొత్త డాక్టరమ్మ వచ్చిన మొదటి రోజే కొలతల మాస్టారి ముఖం మాడిపోయింది. శుక్లం వచ్చిన పసిపిల్లల కళ్లు కొలిచి, లోపల ఏ పవర్ లెన్సు పెట్టాలో లెక్కకట్టి చెప్పడం అతని పని. అందుకే ఆస్పత్రిలో అందరూ అతన్ని అలా పిలుస్తారు. అతనిచ్చిన అంకెను ఆరేళ్లుగా ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆవిడ మాత్రం మళ్లీ కొలవమంది, పైగా నవ్వుతూ.

మూడు నెలలు ఇదే తంతు. అతను రుసరుసలాడుతూ రెండోసారి కొలిచేవాడు, ఆవిడ పక్కనే నిలబడి చూసేది. ఆవిడ సెలవు పెట్టిన రోజున ఆస్పత్రి ఎందుకంత బోసిపోయిందో అతనికి వారం తర్వాత గాని తెలియలేదు. తెలిశాక మాత్రం, పాపం, అన్నం సయించడం మానేసింది.

ఒక ఉదయం మూడేళ్ల పాప వచ్చింది. ఆపరేషన్ చేశాక కూడా కళ్లద్దాలెందుకని పాప అమ్మమ్మ నిలదీసింది.

"పిల్లలకి గౌను కాస్త వదులుగా కుట్టిస్తాం కదమ్మా" అంది డాక్టరమ్మ. "కన్ను కూడా పెరుగుతుంది. ఇవాల్టికి సరిపోయే లెన్సు పెడితే పెద్దయ్యేసరికి పవర్ ఎక్కువైపోతుంది. అందుకే కొంచెం తక్కువ పెట్టి, ఆ లోటు అద్దాలతో పూడుస్తాం."

పాపకు మత్తిచ్చారు. అతను కొలత మిషన్‌కి ఉండే పెన్నులాంటి ప్రోబ్‌ని నల్లగుడ్డు మీద ఆనించి కొలిచి, అంకె చెప్పి, ఎప్పటిలాగే రెండోసారికి సిద్ధమయ్యాడు.

"మీరు కొలిచారుగా, చాలు" అని ఆవిడ నర్సును లెన్సు తెమ్మంది.

ఆ మాట కోసం మూడు నెలలుగా ముఖం వాచిపోయి ఉన్నాడేమో, అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ సంబరంలోనే కొలతల కాగితం ఇంకోసారి చూసుకుంటే తేడా కనిపించింది. కంటి ముందు భాగం లోతు ఉండాల్సిన దానికన్నా తక్కువ వచ్చింది. అంటే ప్రోబ్ కన్నును నొక్కింది, కన్ను పొట్టిగా తేలింది. ఆ లెక్కన పెట్టే లెన్సు పవర్ ఎక్కువవుతుంది, పాప జీవితాంతం దాంతోనే చూడాలి. నోరు విప్పితే ఇప్పుడిప్పుడే దక్కిన నమ్మకం నీళ్లపాలు.

"ఆగండి డాక్టర్. నా చెయ్యి నొక్కేసింది. తప్పు నాదే, మళ్లీ కొలుస్తాను."

ఈసారి తాకీ తాకనట్టు ఆనించాడు. అర మిల్లీమీటరు తేడా వచ్చింది, లెన్సులో దాదాపు రెండు పాయింట్లు. నర్సు మొదటి లెన్సు డబ్బా లోపల పెట్టేసి ఇంకోటి తెచ్చింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. చేతులు కడుక్కునే చోట ఆవిడ అతన్ని ఆపి, ఆరేళ్లలో రాని తప్పు ఇవాళెందుకొచ్చిందని అడిగింది.

మిషన్ మీదకి నెట్టేయొచ్చు. కానీ ఇందాక ఒక నిజం చెప్పాక రెండోది అంత బరువనిపించలేదు.

"మీరు పక్కన నిలబడితే నా చెయ్యి నా మాట వినడం లేదండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇన్నాళ్లూ రెండోసారి కొలిపించారు కాబట్టి గట్టెక్కాను."

ఆవిడ కుళాయి కట్టేసి, చాలాసేపు చేతులు తుడుచుకుంది.

"మళ్లీ కొలవమనడం నా పద్ధతి. పక్కన నిలబడాలని ఏ పద్ధతీ లేదు, అది నా ఇష్టం" అంది. "ఇందాక మీరు ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడే అనుకున్నాను, మా ఇంట్లో మీ గురించి చెప్పేయాలని."

అతను తన చెయ్యి వంక చూసుకున్నాడు.

"ఆ పాప కన్ను పెరిగేదాకా ఏళ్ల తరబడి మీరే కొలవాలి. నేను పక్కనే ఉంటాను. మీ చేతికి అది త్వరగా అలవాటు చేయండి" అని, తన చెయ్యి అతని చేతిలో పెట్టింది.